లోపలి కుట్టు

మార్చి 3, సోమవారం

ఎల్లుండి మునిసిపాలిటీ మేడం మా ఇంటికి వస్తారట. ఫోను మా ఆయన ఎత్తారు కాబట్టి సరిపోయింది. నేనైతే హలో అనడానికి గొంతు సవరించుకునేలోపే అవతలివాళ్లు పెట్టేసేవారు.

వయోవృద్ధుల, దివ్యాంగుల విభాగం అని ఒకటుందని మాకు చెప్పింది ఆసుపత్రిలో ఫిజియో. వాళ్లకొక డే సెంటర్ ఉంది. మేడం వచ్చి చూసి సరేనంటే వారానికి మూడు రోజులు వ్యాను పంపుతారు. మెట్లు దించే కుర్చీ పట్టుకుని ఇద్దరు మనుషులు పైకి వస్తారు. సెంటర్లో కాలికీ చేతికీ ఎక్సర్‌సైజులు చేయిస్తారు.

అత్తయ్యకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఇప్పుడే కదిలిస్తే వేళ్లు కొంతైనా తిరిగి వస్తాయని, ఆలస్యం చేస్తే బిగుసుకుపోతాయని ఫిజియో అన్నారు. ఆ వేళ్లతో అత్తయ్య ఈ వీధి వీధంతటికీ బట్టలు కుట్టారు.

మాది పై వాటా. ఆయన లారీ నడుపుతారు, ఇంట్లో ఉండేది తక్కువ. ఆసుపత్రికి వెళ్లాలంటే ఆయనే అత్తయ్యను రెండు చేతుల మీద ఎత్తుకుని మెట్లు దిగాలి. పోయినసారి ఆయన నడుము పట్టేసింది. అత్తయ్య దించుతున్నంతసేపూ కళ్లు మూసుకునే ఉన్నారు. భయంతో కాదు. వీధిలో ఎవరు చూస్తున్నారో తను చూడకూడదని.

రేపు ఆయన లోడు తీసుకుని వెళ్లిపోతున్నారు. మేడంతో నువ్వే మాట్లాడాలి అన్నారు. తల ఊపాను. పెళ్లయినప్పటినుంచి నేను మాట్లాడిన మాటలకన్నా ఊపిన తలే ఎక్కువ.

మార్చి 4, మంగళవారం

ఇల్లంతా కడిగాను. అత్తయ్య మంచం మీదనుంచే ఎక్కడ దుమ్ముందో చెబుతున్నారు. ఆవిడ కళ్లకు పక్షవాతం రాలేదు.

రేపటికి ఆకుపచ్చ బట్టలు ఇస్త్రీ చేయమన్నారు. చేశాను. మడత సరిగ్గా రాలేదని మళ్లీ చేయించారు.

మార్చి 5, బుధవారం

మేడం వచ్చి వెళ్లారు. ఏం రాయాలో తెలియడం లేదు.

తెల్లవారకముందే లేచి అత్తయ్యకు స్నానం చేయించాను, బట్టలు మార్చాను, తల దువ్వాను. తరవాత ఆవిడ తనను కుట్టుమిషను దగ్గర కుర్చీలో కూర్చోబెట్టమన్నారు. పడిపోకుండా వీపు వెనక దిండు పెట్టి, అది కనపడకుండా దుప్పటి సర్దాను. కుడి చెయ్యిని ఒళ్లోకి తెచ్చి దాని మీద ఎవరిదో గుడ్డముక్క పరిచాను. చివరికి కొలతల టేపు మెడలో వేయమన్నారు. వేశాను. అచ్చం ఇప్పుడే కుట్టు ఆపి, వచ్చినవాళ్లతో మాట్లాడుతున్నట్టున్నారు. నాకే ముచ్చటేసింది. పాతరోజుల అత్తయ్య.

మేడం మెట్లెక్కేసరికి ఆయాసపడుతున్నారు. మంచినీళ్లిచ్చి తలుపు వెనక్కి వెళ్లాను. స్నానం ఎవరు చేయిస్తారని అడిగారు. నేనే చేసుకుంటాను అన్నారు అత్తయ్య. బట్టలు? నేనే. తినడం? నేనే. లేవడం, నడవడం? ఇంట్లో ఎంత దూరమమ్మా, నేనే. అంతటితో ఆగారా, మేడం వేసుకున్న కుర్తాకి పక్క కుట్టు ఊడిందని చూసి, ఎవడు కుట్టాడో వాడి చేతికి సూది ఇవ్వకూడదు అన్నారు. మేడం నవ్వారు. టేపు చూసి, ఇంకా కుడుతున్నారా అని మెచ్చుకున్నారు.

తలుపు వెనక నా నాలుక అంగిటికి అతుక్కుపోయింది. కాదు అని ఒక్క మాట అంటే చాలు. అత్తయ్య మాటను పరాయి మనిషి ముందు కొట్టేయడం ఎలా?

మేడం వెళ్లిన తరవాత అత్తయ్య దిండు మీదికి ఒరిగిపోయారు. మంచం దాకా మోసుకెళ్లాను. మోస్తుంటే, బాగానే మాట్లాడాను కదా అని అడిగారు.

తల ఊపాను.

మార్చి 17, సోమవారం

ఫోనుకి మెసేజి వచ్చింది. కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. సొంత పనులు తాము చేసుకోగలుగుతున్నందున ప్రస్తుతం వాహన సదుపాయానికి, డే సెంటరుకు అర్హత లేదు. అభ్యంతరం ఉంటే ఆఫీసులో చెప్పుకోవచ్చు.

అత్తయ్య ఏమిటది అని అడిగారు. చదివాను. ఆవిడ మిషను వైపు చూశారు. మిషను మీద దుమ్ము తుడవలేదేం అన్నారు.

మార్చి 18, మంగళవారం

కింది వాటా పిన్నిగారు పైకి వచ్చారు. ఈవిడను మేం రేడియో పిన్ని అంటాం. వాల్యూం తగ్గించే మీట లేదు.

తప్పంతా నాదేనన్నారు. గవర్నమెంటు వాళ్లు వస్తుంటే మనిషిని పెళ్లికూతురిలా ముస్తాబు చేస్తారా అని తిట్టారు. ఈసారి వస్తే చిరుగు దుప్పటి కప్పి, తల రేగ్గొట్టి, గది రెండు రోజులు ఊడవకుండా ఉంచి, ముక్కు మూసుకునేలా చేసి, నువ్వు మూల కూర్చుని ఏడువు, వ్యాను దానంతటదే వస్తుంది అన్నారు. వాళ్ల చుట్టాలావిడ అలాగే సంపాదించుకుందట. రహస్యం చెబుతున్నట్టు చెవి దగ్గరకు వచ్చి చెప్పారు, వీధి చివరి దాకా వినపడేలా.

మధ్యాహ్నం అత్తయ్య ముద్ద ముట్టుకోలేదు. సాయంత్రం అన్నారు: “నన్ను చూసి ఛీ అనుకుంటేనే బండి పంపుతారా? అయితే నాకొద్దు. ఈ మంచమే చాలు.”

మార్చి 19, బుధవారం

ఇవాళ అత్తయ్య చిటికెనవేలు విప్పడానికి నిన్నటికన్నా ఎక్కువసేపు పట్టింది.

మార్చి 20, గురువారం

ఆయన ఫోను చేశారు. మొత్తం చెప్పాను. అమ్మను నువ్వు మరీ బాగా చూసుకుంటున్నావు, అదే మన కొంప ముంచింది అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పెట్టేసిన తరవాత గిన్నెలు తోముతుంటే వచ్చింది. దాని వెనకే ఏడుపు కూడా వచ్చింది.

ఆయన ఇప్పట్లో రాలేరు. ఆఫీసుకి నేనే వెళ్లాలి.

మార్చి 24, సోమవారం

వెళ్లొచ్చాను.

చెప్పాల్సింది మూడు రోజులుగా గిన్నెలకు చెప్పి చూసుకున్నాను. గిన్నెలు బాగానే విన్నాయి. రేడియో పిన్నిని అత్తయ్య దగ్గర కూర్చోబెట్టి వెళ్లాను. ఆఫీసులో బల్లల నిండా కర్రలవాళ్లు, చక్రాల కుర్చీలవాళ్లు. వాళ్ల వెంట వచ్చినవాళ్లందరి మొహాలూ నా మొహంలాగే ఉన్నాయి. నిద్ర చాలని మొహాలు. అది చూశాక కొంచెం ధైర్యం వచ్చింది.

కిటికీ దగ్గరకు వెళ్లేసరికి అదీ పోయింది. నోరు కదిలింది, గొంతు రాలేదు. కళ్లజోడు గుమాస్తా ముందుకు వంగి, అమ్మా, మీరు కిటికీకి చెబుతున్నారా, నాకా అని అడిగారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సిగ్గుతో పారిపోదామనుకున్నాను. కాళ్లు కూడా గొంతులాంటివే, కదల్లేదు. అందుకని చెప్పేశాను. మా అత్తయ్య చెప్పింది అబద్ధం కాదని, పరువు అని. ఆ బట్టలు, జుట్టు, కుర్చీ అన్నీ నేను చేసినవని. ఆవిడను మురికిగా చూపించమంటే మాత్రం నావల్ల కాదని.

గుమాస్తా నవ్వలేదు. మళ్లీ చూడటానికి వస్తారని తేదీ ఇచ్చారు. మురికీ వద్దు, ముస్తాబూ వద్దు, ఏడుపు అసలే వద్దు అన్నారు. రోజూ చేసే పని మేడం వచ్చేదాకా ఆపి, ఆవిడ ముందు చేయమన్నారు. అంతే.

అంతే అన్నారు. అత్తయ్యకు చెప్పాల్సింది ఆ గుమాస్తా కాదు కదా.

మార్చి 25, మంగళవారం

అత్తయ్య గోళ్లు తీస్తూ చెప్పాను. మొహంలోకి చూసే ధైర్యం లేక గోళ్లకే చెప్పాను. మేడం వచ్చేదాకా తల దువ్వను, బట్టలు మార్చను, ఆవిడ ముందే మార్చుతాను అని.

చెయ్యి లాక్కున్నారు. ఎడమచెయ్యి.

మార్చి 27, గురువారం

అత్తయ్య నాతో మాట్లాడటం లేదు. మంచినీళ్లు కావాలంటే కూజాను చూస్తారు.

ఏప్రిల్ 1, మంగళవారం, ఉదయం

మేడం పదింటికి వస్తారు. అత్తయ్య నైటీలో ఉన్నారు. పక్క మార్చాను, గది ఊడ్చాను. అవి రోజూ చేసేవే. లేవగానే అలవాటు కొద్దీ దువ్వెన తీశాను. అత్తయ్య ఇటివ్వు అన్నారు. అన్ని రోజుల తరవాత మాట. ఇచ్చాను. దిండు కింద పెట్టుకున్నారు. ఆవిడ వచ్చాక ఇస్తాను అన్నారు.

అదే రోజు, మధ్యాహ్నం

అదే మేడం. ఈసారీ ఆయాసపడుతూనే వచ్చారు. గుమ్మంలో ఆగి అత్తయ్యను, వేరే మనిషిని చూసినట్టు చూశారు.

అత్తయ్య దిండు కిందనుంచి దువ్వెన తీసి నాకిచ్చారు. మొదలుపెట్టాను. ముందు భుజం కింద చెయ్యి వేసి లేపి కూర్చోబెట్టాను, నా మోకాలు ఆవిడ వీపుకు ఆనించాను. లేకపోతే కుడివైపుకి ఒరిగిపోతారు. ఒంటిచేత్తో చిక్కు తీశాను. రెండో చేత్తో మనిషిని పట్టుకోవాలి కదా. నైటీ విప్పేటప్పుడు పడ్డ చెయ్యి ముందు తీయాలి, బట్టలు తొడిగేటప్పుడు దాన్నే ముందు తొడగాలి. మేడం మొహం తిప్పుకోబోయారు. అత్తయ్య చూడండి అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

మేడం ప్రశ్నలు మొదలుపెట్టారు. అత్తయ్య నావైపు చూపించి, దాన్నడగండి అన్నారు.

స్నానం ఎవరు చేయిస్తారు? నేను.

తినిపించేది? నేను.

రాత్రి అటూ ఇటూ తిప్పేది? నేను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఒక్కొక్క నేనుకీ కొంచెం పెద్దదవుతోంది. అప్పుడు మేడం, మరి మీకు సాయం ఎవరు అని అడిగారు. దువ్వెనలో ఇరుక్కున్న వెంట్రుకలు తీస్తూ నిలబడ్డాను.

అత్తయ్య మాట్లాడారు. “మొన్న మీరు చూసింది నన్ను కాదమ్మా. దీని పనితనం. నేను కుట్టిన బట్టకు కుట్టు పైకి కనపడేది కాదు, తిరగేస్తేనే తెలిసేది. ఇదీ అలాగే చేస్తుంది. ఇవాళ తిరగేసి చూపించాను. బండి నాకోసం పంపకపోయినా సరే, దీనికోసం పంపండి.”

మేడం రాయడం ఆపారు. కాసేపటికి మళ్లీ రాశారు. వెళ్లబోతుంటే అత్తయ్య ఆపి, ఆ పక్క కుట్టు ఇంకా వేయించుకోలేదేం అని తగులుకున్నారు. ఎవరు కుడతారండీ అన్నారు మేడం. కాస్త ఆగండి, నా చెయ్యి రానివ్వండి అన్నారు అత్తయ్య.

ఏప్రిల్ 11, శుక్రవారం

మెసేజి వచ్చింది. మంజూరైంది. ఈసారి ఒక్కసారి చదివితే అర్థమైంది. రేడియో పిన్నికి చెప్పాను, ఇక వీధికి వేరే చెప్పక్కర్లేదు.

ఏప్రిల్ 16, బుధవారం

వ్యాను వచ్చింది. తెల్లది, వెనక ఇనప పలక కిందికి దిగుతుంది. ఇద్దరు వచ్చి అత్తయ్యను కుర్చీలో కూర్చోబెట్టి బెల్టు పెట్టారు. మెట్లు దిగుతుంటే అత్తయ్య కళ్లు తెరిచే ఉన్నారు. ఒక్కొక్క మెట్టూ, ఒక్కొక్క గుమ్మమూ చూసుకుంటూ వెళ్లారు. ఎదురింటివాళ్ల కిటికీ పరదా చూసి, అది తను కుట్టిందే, అంచు ఊడింది అన్నారు. పలక పైకి లేస్తుంటే నావైపు చూసి, వెళ్లి పడుకో పిల్లా అన్నారు.

ఇంట్లోకి వచ్చి నిలబడ్డాను. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మిషను దగ్గర అత్తయ్య కుర్చీలో కూర్చున్నాను. అక్కడినుంచి వీధి ఇంత దూరం కనపడుతుందని నాకు తెలియదు.

అలాగే నిద్రపోయాను. వ్యాను తిరిగొచ్చి హారను కొడితే లేచాను.

మే 9, శుక్రవారం

సెంటర్లో అత్తయ్యకు స్నేహితురాలు దొరికింది. చూపులేని రిటైర్డు టీచరు. ఇద్దరూ వెళ్లిన రోజల్లా పోట్లాడుకుంటారట. అత్తయ్య ఆ సంగతి ఎంత సంతోషంగా చెప్పారో. చూపుడువేలూ బొటనవేలూ కలుస్తున్నాయి. సూది పట్టేంత కాదు. చెంచా నిలవడం లేదు. పెద్దవి పట్టుకోగలుగుతున్నారు.

జూన్ 20, శుక్రవారం

అత్తయ్య నన్ను కింద కూర్చోమన్నారు, వెనక్కి తిరిగి. కుడిచేత్తో దువ్వెన పట్టుకుని, ఆ మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని, నా తల దువ్వారు. చాలాసేపు పట్టింది. పాపిడి వంకరగా వచ్చింది.

అలాగే బజారుకి వెళ్లొచ్చాను.