డొలోరెస్ అవ్వ మూడు నిమిషాలు

హనుమకొండ,
మంగళవారం.

ములుగులో ఉన్న మా నాయిన ఆనందరావు గారికి హెప్సిబా వందనాలు. ప్రభువు దయవల్ల నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ అమ్మా కూడా బాగున్నారని నమ్ముతాను. ఫోనులో నేను అరవడం, నువ్వు "ఆఁ? ఏందీ?" అనడం కన్నా ఈ ఉత్తరమే నయం.

అడిగినవాటికి ముందు జవాబు చెప్తాను. నీ చెవి మిషన్ రిపేరుకు ఇచ్చాను. సోమవారం రమ్మన్నాడు, నాకైతే నమ్మకం లేదు. అన్నం వేళకే తింటున్నాను, అమ్మను ఫికర్ పెట్టుకోవద్దను.

నా పనేమిటో చర్చిలో అడిగితే ఎట్లా చెప్పాలన్నావు. అమెరికాలో ఒక పెద్ద నగరం ఉంది. అక్కడి కార్పొరేషన్ మీటింగుల రికార్డింగులు మా ఆఫీసుకు వస్తాయి. ఎవరేం మాట్లాడారో విని టైపు చేసి పంపుతాం, అంతే. మన కార్పొరేటర్లలాగే వాళ్లూ అరుచుకుంటారు, కాకపోతే ఇంగ్లీషులో. దేనికైనా రాష్ట్రం డబ్బివ్వలేదని నగరం, నగరం అడగలేదని రాష్ట్రం. మన దగ్గరున్నట్టే.

డొలోరెస్ అవ్వ సంగతేమైందని అడిగావు. రోజూ ప్రార్థనలో ఆమె పేరు తలుస్తున్నానని కూడా రాశావు. అది చదివి ఏడ్చాను నాయినా.

రోడ్డు వెడల్పుకు ఆ నగరంలో అవ్వ ఉండే వీధి ఇళ్లన్నీ తీసేస్తామన్నారని నీకు రాశాను కదా. మిగతావాళ్లు పరిహారం తీసుకుని వెళ్లిపోయారు. అవ్వ ఒక్కతే ప్రతి మీటింగుకూ వచ్చి, జనానికిచ్చే మూడు నిమిషాల్లో తన ఇంటిని కూల్చకుండా వదిలేయమని అడిగేది. అసలైనది ఆఖరి మీటింగు. అందులో ఒక్కరైనా అభ్యంతరం చెప్పినట్టు మేం పంపే రాతలో ఉంటే, రాష్ట్రం వాళ్లు విచారణ చేశాకే రోడ్డుకు డబ్బివ్వాలి. రాతలో లేకపోతే నేరుగా ఇచ్చేస్తారు.

ఆ రికార్డింగు నాకే వచ్చింది, గుడ్ ఫ్రైడే పొద్దున. అమెరికా పనికి మన సెలవులు ఉండవు. ఆ రోజు మన చర్చిలో, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో నాలుగోదాని మీద నువ్వు ప్రసంగం చెప్పాలి. చెవులు పోయాయి, ఇదే ఆఖరుసారి అన్నావు. పదకొండు గంటల బస్సు తప్పితే నీ ప్రసంగం నాకు అందదు. అవ్వ ఏడుస్తూ మాట్లాడింది, వెనక ఎవరో కుర్చీలు లాగుతున్నారు. నాలుగైదుసార్లు వెనక్కి తిప్పి వింటే అర్థమయ్యేదే. నేను తిప్పలేదు. మూడు నిమిషాలకూ కలిపి "వినబడలేదు" అని కొట్టి, ఫైలు పంపి, బస్సెక్కాను. చర్చిలో నన్ను చూసి నువ్వెంత సంతోషపడ్డావో!

అభ్యంతరం రాతలో లేదు కాబట్టి రాష్ట్రం డబ్బిచ్చేసింది. మా టీమ్ లీడర్ శశాంక్‌కు నిజం చెప్పాను. "ఇప్పుడు బయటికి చెప్తే కాంట్రాక్టే పోతది హెప్సీ. నలభై మందిమి రోడ్డున పడతం. జర నోరు మూస్కో" అన్నాడు. మూసుకున్నాను. ఛీ, ఏం బతుకు నాది!

ఆ ఇంటికోసం ఇక ప్రార్థన చెయ్యకు నాయినా. పోయిన వారం కూల్చేశారు.

నిన్న కొత్త రికార్డింగు వచ్చింది. ఇల్లు పోయాక కూడా అవ్వ మీటింగుకు వచ్చింది. "నేను చెప్పాను. ఇదే గదిలో నిలబడి చెప్పాను. విన్నవాళ్లు ఒక్కరూ లేరా?" అని అడిగింది. ఈసారి ఆమె గొంతు చాలా స్పష్టంగా ఉంది. ఒక్క మాట వదలకుండా టైపు చేశాను.

ఇట్లు,
నీ బిడ్డ
హెప్సిబా