కచిపంపా దుబాసి

మే 9, 2017, మంగళవారం

వచ్చే వారం శుక్రవారం బహిరంగ సభ. రెండేళ్ల పైచిలుకు పాలనకి గవర్నరుగా జనం ముందు నిలబడి జవాబు చెప్పుకోవాలి. ఉపన్యాసం నాలుగుసార్లు తిరగరాశాను. కూర్చోలేకపోతున్నాను. కిటికీ నుంచి తలుపుకి, తలుపు నుంచి కిటికీకి.

రాసిందంతా నిజమే. కొండ ఊళ్ల ఆరోగ్య కేంద్రాలు నలభై రెండింట్లో కెచువా దుబాసీలను పెట్టింది నేనే. మొన్న రేడియోలోనూ అదే చెప్పాను. డాక్టర్లు స్పానిష్‌లో అడుగుతారు, మా ఆడవాళ్లు కెచువాలో నొప్పి చెబుతారు. మధ్యలో మనిషి లేక ఎన్ని ప్రాణాలు పోయాయో, ఇరవయ్యేళ్లు ఆ ఊళ్లలో పాఠాలు చెప్పిన నాకు తెలుసు. ఆ ఒక్క మాట మీదే ఎన్నికల్లో గెలిచాను.

మే 11

ఆఫీసులో నా దుబాసి నెలిదా ఉపన్యాసాన్ని కెచువాలోకి మారుస్తోంది. నేను రాసినదానికన్నా అదే బాగుంది.

మే 13, శనివారం

సంతలో ఒకామె బంగాళదుంపల బస్తాల వెనకనుంచి కేకేసింది. సతుర్నీనా. కచిపంపా ఊరి బడిలో నా దగ్గర చదువుకుంది.

"టీచరమ్మా, సభకి ఎవరైనా రావచ్చంటగా?" అంది.

తప్పకుండా రమ్మన్నాను.

"మాట్లాడనిస్తారా, చప్పట్లు కొట్టడానికేనా?"

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. ఏమైందని అడిగాను. మార్చిలో, ఏడో నెలలో, కడుపులో బిడ్డ కదలడం లేదని కచిపంపా ఆరోగ్య కేంద్రానికి వెళ్లిందట. డాక్టరుకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కడుపునొప్పి మాత్రలిచ్చి పంపాడట. మూడో రోజున చనిపోయిన పాపను కన్నది.

దుబాసి ఏదన్నాను.

"భలే అడిగారు. మీరే పిలిపించుకున్నారుగా!"

అదే రోజు, సాయంత్రం

నెలిదా.

జనవరిలో ఒక మీటింగులో ఆమె మాట్లాడటం విని, ఈ అమ్మాయి నా దగ్గర ఉండాలన్నాను. ఆమె ట్రాన్స్‌ఫర్ కాగితం తెప్పించి చూశాను. కచిపంపా నుంచి. సంతకం నాది. ఆమె స్థానంలో ఎవరినీ వేయలేదు. వేశారా అని నేను అడగనూ లేదు.

మే 15

నా కార్యదర్శి విల్బెర్ ఉపన్యాసంలో ఏమీ మార్చక్కర్లేదన్నాడు. "పోస్టు ఉంది మేడమ్, మనిషే లేదు. నలభై రెండు అంటే అబద్ధమెలా అవుతుంది?" అన్నాడు. నిజం చెబితే ప్రతిపక్షం దుబాసీల పథకాన్నే ఎత్తేయిస్తుందట. రెండు నిమిషాలు నాకూ సబబుగానే తోచింది. భయమేసింది.

నెలిదాను పిలిచాను. ఆ పాప సంగతి మార్చి నుంచీ తెలుసట. ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను.

"మీ మాట జనానికి చెప్పమన్నారమ్మా. జనం మాట మీకు చెప్పమని ఎప్పుడూ అనలేదు."

మే 17

ఏమీ తినబుద్ధి కావడం లేదు. మూడు కప్పుల కోకా ఆకుల టీ. మూడూ చల్లారిపోయాయి.

మే 19, శుక్రవారం

పొద్దున్నే నెలిదాను కచిపంపా పంపేశాను. సభలో చెప్పాను. నలభై రెండు కాదు, నలభై ఒకటి. ఆ ఒక్కటీ ఖాళీ చేసింది నేను. వెనకనుంచి ఎవరో "ఇప్పుడా చెప్పేది?" అని అరిచారు.

సతుర్నీనా మైకు అందుకుంది. కెచువాలో మొదలుపెట్టింది. ముందు వరుసలో కౌన్సిల్ సభ్యులు, పేపరువాళ్లు దిక్కులు చూస్తున్నారు. సభలో దుబాసి లేదు. లేచి ఆమె పక్కన నిలబడ్డాను. "ఈమె ఏమంటోందంటే..." అన్నాను స్పానిష్‌లో.

సతుర్నీనా నా మోచెయ్యి పట్టుకుంది. "అట్లా కాదు టీచరమ్మా. నేనన్నట్టే అనండి."

అన్నాను. నా పాప కదలడం లేదని చెప్పాను. నా మాట ఎవరికీ అర్థం కాలేదు. మా మనిషిని గవర్నరు తన ఉపన్యాసాల కోసం తీసుకుపోయింది. గవర్నరు రేడియోలో చెప్పింది అబద్ధం.

ఒక్క ముక్కా మెత్తబరచలేదు. చివర పాప పేరు చెప్పింది. లూస్‌మిలా. పేరును తర్జుమా చేసే పని లేదు. అయినా అది పలకడానికే ఎక్కువ సేపు పట్టింది.

చప్పట్లు లేవు. కౌన్సిల్ నా మీద విచారణ వేసింది.

మే 20

పేపర్లో మొదటి పేజీ: "గవర్నరు చెప్పింది అబద్ధం: గవర్నరు."

సవరణ పంపనా మేడమ్ అని విల్బెర్ ఫోన్ చేశాడు.

వద్దన్నాను.