యాకూబ్ ఎర్ర గుండ్రం

1994 మార్చి, సోమవారం

మొన్న కంప్యూటర్ క్లాసులో మన పసుపు మార్కెట్ బొమ్మ చేశాను. ఒక్కో ఊరికి, రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక్కో అడ్తి దుకాణానికి ఒక గుండ్రం; ఎవరి సరుకు ఎక్కడ దిగుతుందో చెప్పే గీతలు. ప్రోగ్రాములో ఒక అంకె మారిస్తే గుండ్రం పెరుగుతుంది, ఇంకొకటి మారిస్తే రంగు మారుతుంది. అన్నింటికీ పసుపురంగు అంకె 14 పెట్టి, నా దోస్తు యాకూబ్ దుకాణానికి మాత్రం 4 కొట్టాను. ఎరుపు. వాడి పాన్ నోటికి అదే తగిన రంగని.

కొడుకును క్లాసులో చేర్పించడానికొచ్చిన మోర్తాడ్ పసుపు రైతు గంగారెడ్డి తెర ముందు ఆగాడు. "గిదొక్కటే ఎర్రగెందుకున్నదే?"

నా నోరు ఊరుకుంటుందా! "కంప్యూటర్‌కు అన్నీ ఎర్కే పటేలా" అన్నాను. ఆయన నవ్వలేదు.

ఎప్పుడూ యాకూబ్ దగ్గరే దిగే ఆయన పసుపు బండి ఈరోజు వాడి దుకాణం దాటి పక్క అడ్తిలో దిగింది. "యాకూబ్ మునుగుతుండట, కంప్యూటర్లనే ఎర్రగొచ్చింది" అని హమాలీలతో అన్నాడట. వెనకే మరో రెండు బండ్లు అటే పోయాయి.

సాయంత్రం యాకూబ్ వచ్చి, "గంగన్న నా మొఖం గూడ చూస్తలేడు, నేనేం జేసిన్నే?" అన్నాడు. మాట మార్చి చాయ్ తెప్పించాను. వాడే మళ్లీ, "నా దుకాన్ కంప్యూటర్ల పెట్టినవంట గద! రేపు మా ఇంటోళ్లను తోల్కొస్త, చూపెట్టు" అని నవ్వాడు.

4 తీసి 14 కొట్టడం నిమిషం పని. గంగారెడ్డి చూసిన ఎరుపును ఎట్లా తీసేది? తెల్లారగానే మోర్తాడ్ బస్సెక్కి, అది నా చిలిపి పనేనని ఆయనకు చెప్పాలి. దోస్తును కాపాడ్డానికి అబద్ధమాడుతున్నానని అనుకుంటే...