పన్నెండో నంబరు పడవ

ప్రియమైన తమ్ముడికి,

బాగానే ఉన్నావనుకుంటాను. బాగోలేనివాడు ఇన్ని సాకులు కనిపెట్టలేడు. నాన్న పన్నెండో నంబరు పడవని పందేనికి ముందు తూకానికి తెమ్మని రెండుసార్లు రాశాను. ఒకసారి రంగు ఆరలేదన్నావు, ఇంకోసారి నడుం పట్టేసిందన్నావు. షెడ్డుకి తాళం వేసి ఉంచుతున్నావట. సీసం కడ్డీలు కూడా కొన్నావని విన్నాను. చెక్క పడవకి సీసం దేనికిరా?

అరవై ఏళ్ల కిందట ఒక వడ్రంగి, డబ్బులేనివాళ్లూ పందెంలో దిగాలని గీసిన తెరచాప పడవ ఇది. ఇరవై మూడు పడవలకీ ఒకే కొలత, ఒకే బరువు. కొత్త రకాలు ఎన్నొచ్చినా జనం వీటినే పట్టుకుని వేలాడేది అందుకే. గెలిస్తే మనిషి చెయ్యి గెలిచినట్టు. నాన్న తొమ్మిదేళ్లు గెలిచింది అలాగే. పై చెక్క పలచన చేసి అడుగున సీసం దాస్తే బరువు అంతే ఉంటుంది, పడవ మాత్రం గాలికి ఒరగదు. ఆ సంగతి నాకూ తెలుసు. నాన్న తర్వాత పడవ పందేల సంఘానికి తూకాలు చూసేది నేనే, మర్చిపోకు.

నీ అక్క

అక్కకి,

రంగు ఆరలేదు, నడుమూ తగ్గలేదు. నీ ఉత్తరం అక్క రాసినట్టు లేదు, పోలీసు స్టేషన్ నుంచి వచ్చినట్టుంది. పాత పడవకి పాత రోగాలుంటాయి, అవి నేను చూసుకుంటాను. తూకం ఒక నెల ఆగితే కొంపలేమీ మునిగిపోవు. ఇటు రావద్దు. షెడ్డంతా దుమ్ము, నీకసలే ఆయాసం.

నీ తమ్ముడు

తమ్ముడికి,

రావద్దన్నావు కనకే వచ్చాను. నువ్వు లేవు. కిటికీలోంచి చూశాను. పడవలో అడుగు చెక్కలు లేపి, పక్కన కడ్డీలు పేర్చావు. పదకొండు లెక్కపెట్టాను. దారంతా ఏడుస్తూనే తిరిగొచ్చాను. నాన్న పేరు నిలబెడతావని పడవ నీకిస్తే, ఆ పేరుకే మసి పూస్తావా? నెలాఖరుకి పడవ నా ముందుండాలి. లేకపోతే నువ్వు దొంగవని సంఘానికి నేనే రాస్తాను. తమ్ముడివని చూడను.

అక్క

అక్కా,

ఇక దాచి లాభం లేదు. ఒక పలక పుచ్చిపోతే విప్పాను. లోపలి బద్దలన్నీ పైకి కనపడకుండా వెనకవైపు తొలిచి ఉన్నాయి. ఆ ఉలి పని ఎవరిదో చూస్తే నీకూ తెలుస్తుంది. తూచాను. ఉండాల్సినదానికన్నా ముప్ఫై ఎనిమిది కిలోలు తక్కువ. ఆ తొమ్మిదేళ్లూ పడవల్ని తూచింది నాన్నే కదా. తన పడవ తనే తూచుకున్నాడు.

ఆ తక్కువని పూడ్చడానికే సీసం. బరువు సరిపోతే నువ్వు రాసుకుని వెళ్లిపోతావు, నాన్న నీకు ఎప్పటి నాన్నలాగే ఉండిపోతాడు అనుకున్నాను. ఇక నీ ఇష్టం.

తమ్ముడు

నా బంగారు తమ్ముడికి,

నిన్ను దొంగవన్నాను. క్షమించరా. నాలుగు రోజులుగా నాన్న ఫొటో వైపు చూడలేకపోతున్నాను. కోపం కన్నా సిగ్గే ఎక్కువగా ఉంది.

తెరచాపలు కుట్టే పెదనాన్న తెలుసుగా, తొమ్మిదేళ్లూ నాన్న వెనకే రెండోవాడిగా వచ్చినాయన. నిన్న బజార్లో కలిశాడు. "మీ నాన్న చెయ్యి నాకు లేదమ్మా, ఉంటే ఒక్కసారైనా గెలిచేవాణ్ణి" అన్నాడు.

నెలాఖరుకి పడవ తీసుకురా. సీసం తీసేసి తీసుకురా. పెదనాన్నని పక్కన నిలబెట్టుకునే తూస్తాను.

నీ అక్క