నాన్నకి తెలివి వచ్చింది

శుక్రవారం, రాత్రి

నాన్నని ఈరోజు డిశ్చార్జ్ చేశారు. ప్లెయిన్స్‌బరోలో మా ఇల్లు చేరేదాకా కార్ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

మంగళవారం పొద్దున ఆయన మంచం మీద కూర్చుని, పోయినేడాది చనిపోయిన అమ్మతో మాట్లాడుతున్నారు. "సువార్తా, చర్చికి టైమైంది. ఆ నీలం చీర కట్టుకో." ఒళ్లు వేడిగా లేదు. మతి పోతోందేమోనని హడలిపోయి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాను. ఏళ్లుగా ఉన్న యూరిన్ ట్యూబ్ వల్ల ఇన్ఫెక్షన్ వచ్చి రక్తంలోకి పాకిందని, ఈ కలవరింత దానివల్లేనని డాక్టర్ చెప్పారు. ట్యూబ్ మార్చి, యాంటీబయాటిక్ ఎక్కించారు. ఆ రెండు రోజులూ నాన్న అమ్మతో నవ్వుతూనే ఉన్నారు. అమ్మ పోయాక ఆయన నవ్వగా చూడటం అదే మొదలు.

నిన్న సాయంత్రం గదంతా చూసి, "మీ అమ్మ ఎక్కడికెళ్లిందే?" అన్నారు. నేను దుప్పటి సర్దసాగాను. అంతలో ఆయనే, "అవును కదా" అని గోడవైపు తిరిగారు.

ట్యూబ్ తీయడం కుదరదని, ఇన్ఫెక్షన్ మళ్లీ రావచ్చని, నీళ్లు బాగా తాగించమని డాక్టర్ చెప్పారు. ఇంటికొచ్చాక అదే నాన్నకి చెప్పాను.

"మళ్లీ వస్తే మీ అమ్మ కనిపిస్తుందా?"

"అలా అనకండి నాన్నా, నీళ్లు తాగండి" అన్నాను.

గ్లాసు అందుకుని, తాగకుండానే పక్కన పెట్టేశారు.