పక్కకు వాలిన కారవాన్

శనివారం రాత్రి, జులై 1990. ఆస్ట్రేలియాలో నల్లార్బర్ ఎడారి రోడ్డు పక్కన.

సాయంత్రం అమ్మ రెండోసారి బియ్యం కడుగుతుండగా కారు వెనక కట్టుకొచ్చిన మా ఇంటిబండి, అదే కారవాన్, చేతిపంపు నీళ్లకు బదులు గాలి కక్కింది. రేపు మధ్యాహ్నం దాకా దారిలో నీళ్లు పట్టుకోవడానికి పెట్రోలు బంకు, హోటలు ఉండే రోడ్‌హౌస్ ఒక్కటీ లేదు.

"మూడేసి సార్లు కడగడానికి ఇదేమన్నా మీ తెనాలి కాలవనుకున్నావా?" అన్నారు నాన్న.

"అయితే బ్రెడ్ తినండి," అని అమ్మ గిన్నె పక్కన పెట్టేసింది. అన్నం దొరకని ఇంజనీరుతో ఒకే కారులో ప్రయాణం ఎంత ప్రమాదమో నాకు తెలుసు.

బండి కిందికి దూరి నీళ్ల ట్యాంకు తట్టి చూశాను. అడుగున ఇంకా నీళ్లున్నాయి. పంపు గొట్టం మాత్రం ఎడమ మూలన ఉంది. నాన్న మట్టం చూసే స్పిరిట్ లెవెల్ పెట్టి మరీ బండిని సమంగా నిలిపారు కనుక, నీళ్లు పల్చగా పరుచుకుని గొట్టానికి అందడం లేదు. తప్పు బియ్యానిది కాదు, ఇంజనీరింగుది. ఈ సత్యాన్ని సవినయంగా విన్నవించాను.

"నాన్నా, రైట్ సైడ్ వీల్ పలక మీదికి ఎక్కించండి, ప్లీజ్."

ఎక్కించారు. పంపు కొడితే పది చెంబులు వచ్చాయి. మొదటి చెంబు నాన్నే తీసుకెళ్లి అమ్మ ముందు పెట్టారు.

"మూడోసారి కడుక్కో."

"మీరే కడగండి. చేతులున్నాయిగా."

కడిగారు.

ఇప్పుడు బండి ఎడమకు వాలి ఉంది. అమ్మ ఎడమ గోడవైపు పడుకుంది. నిద్రలో నాన్న అటే జారుతున్నారు. పలక తీసేయమని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

రేపు ట్యాంకు నిండగానే స్పిరిట్ లెవెల్ మళ్లీ బయటికొస్తుంది. ఈలోపే దాన్ని ఎక్కడ దాచాలా అని ఆలోచిస్తున్నాను.