చెవిలో చెప్పవలసిన మాట

మదనపల్లె, వ్యాసపూర్ణిమ.

విద్యను భద్రపరచి మనకందించిన గురువులను స్మరించే పుణ్యదినమిది. చిరంజీవి పావనికి తాతయ్య ఆశీస్సులు.

కంప్యూటరులో, నెట్‌లో దాచుకున్న మన గ్రంథవ్యాఖ్యానం పాత పాస్‌వర్డుతో తెరుచుకోకపోతే కంగారుపడకు, నేనే మార్చాను. నిన్న మొయినుద్దీన్ జిరాక్సు అంగడిలో దాన్ని కొడుతూ, ఏదైనా పైకి పఠించే అలవాటుచేత గొంతెత్తి చదివేశాను.

"ఏం సామీ, పాస్‌వర్డుకు గూడా పారాయణమేనా? ఈడుండేవాళ్లందరికీ నోటికొచ్చేసింది. మార్సుకో సామీ!" అని నవ్వి, అతడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మౌనంగా మార్చాను. మన ఇరవయ్యేళ్ల శ్రమ క్షేమం.

మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా? పాస్‌వర్డుగా పెట్టిన కొత్త మాట ఇందులో వ్రాయను. ఈ పోస్టుకార్డును దారిలో ఎవరైనా చదవవచ్చు. ఆదివారం కుప్పం నుండి రా, మంత్రోపదేశంలా చెవిలో చెబుతాను. నీ తరువాతివారు విద్యను అందరికీ పంచుతూ, తాళంచెవిని మాత్రం దాచుకుంటూ వర్ధిల్లుదురు గాక.